నాన్నగారి కంటి రిపోర్టు, చెవి రిపోర్టు: వీటిలో దేనికి ముందు కంగారు పడాలి?

మీరు అడిగినదాన్ని ముందుగా క్లుప్తంగా చెబుతాను, పొరపాటు ఉంటే సరిదిద్దండి. మీరు డల్లాస్‌లో ఉంటున్నారు, నాన్నగారు గుంటూరులో ఉన్నారు, ఆయన డెబ్బై దాటిన మనిషి, చాలాకాలంగా షుగరు ఉంది. మీ తమ్ముడు ఆయనకు కళ్లు, చెవులు పరీక్ష చేయించి కాగితాల ఫోటోలు పంపించారు. కంటి కాగితంలో కుడివైపు చూపు 6/36, పిన్‌హోల్‌తో 6/18, ఎన్.ఎస్. గ్రేడ్ 3 అని ఉంది. ఎడమవైపు 6/9, ఎన్.ఎస్. గ్రేడ్ 1. ఐ.ఓ.పి. కుడికి 16, ఎడమకి 26. సి.డి. నిష్పత్తి కుడికి 0.5, ఎడమకి 0.8. రెండు కళ్లకూ మోడరేట్ ఎన్.పి.డి.ఆర్. అని రాశారు. చెవి కాగితంలో కుడివైపు మోడరేట్ ఎస్.ఎన్.హెచ్.ఎల్., ఎడమవైపు సి.ఎస్.ఓ.ఎం., ఆటిక్ రిట్రాక్షన్, రిన్నే నెగటివ్, టైప్ బి టింపనోగ్రామ్. ఈ పొట్టి పేర్ల అర్థాలు కింద వరుసగా చెబుతాను. 6/36 చూసి మీరు కుడి కంటి గురించి భయపడ్డారు. రిన్నే నెగటివ్ అని ఉంది గనుక ఎడమ చెవికి ఏమీ లేదనుకున్నారు.

నా జవాబు దానికి సరిగ్గా తలకిందులుగా ఉంటుంది. ముందుగా నిపుణులకు చూపించవలసినవి ఎడమ కన్ను, ఎడమ చెవి. కుడి కంట్లో కనిపిస్తున్నది శుక్లం. అది చూపును ఎంత తగ్గించినా, వెనుక ఉన్న రెటీనా అనే పొర, నరం బాగుంటే శస్త్రచికిత్సతో చాలావరకు తిరిగి వచ్చే చూపు. ఎడమ కన్ను చార్టు మీది అక్షరాలను చక్కగా చదువుతున్నప్పటికీ, 26 ఒత్తిడి, 0.8 నిష్పత్తి రెండూ కలిసి నీటికాసుల వ్యాధిని (గ్లాకోమా) అనుమానించమంటున్నాయి. ఆ వ్యాధిలో పోయిన చూపు తిరిగి రాదు. చెవి సంగతికి వస్తే, ఎడమవైపు రాసిన ఆటిక్ అన్న ఒక్క మాట తక్కిన కాగితమంతటికన్నా బరువైనది.

నేను కంటి వైద్యుణ్ణీ కాను, చెవి వైద్యుణ్ణీ కాను. కోస్తా జిల్లాలోని ఒక చిన్న పట్టణంలో చాలా ఏళ్లుగా జనరల్ ప్రాక్టీసు చేస్తున్నాను. నిపుణుల దగ్గరకు వెళ్లి వచ్చినవాళ్లు ఆ కాగితాలను నా బల్ల మీద పెట్టి "ఇందులో ఏముందండీ" అని అడగడం నాకు అలవాటైన విషయం. అందుచేత కింద చెప్పేది కాగితాన్ని ఎలా చదవాలన్నది మాత్రమే, చికిత్స నిర్ణయం కాదు.

కంటికైనా చెవికైనా రెండు భాగాలు ఉన్నాయని గుర్తుపెట్టుకుంటే సగం మాటలు వాటంతట అవే విడిపోతాయి. వెలుతురును లేదా శబ్దాన్ని లోపలికి చేర్చే దారి ఒకటి, దాన్ని అందుకుని మెదడుకు పంపే నరాల భాగం మరొకటి. నల్లగుడ్డు (కార్నియా), కటకం (లెన్స్), కర్ణభేరి, మధ్య చెవిలోని మూడు చిన్న ఎముకలు దారికి చెందినవి. రెటీనా, దృష్టి నాడి, లోచెవిలోని కాక్లియా, శ్రవణ నాడి అందుకునే భాగానికి చెందినవి. దారిలో వచ్చిన లోపాన్ని చాలాసార్లు బాగుచేయవచ్చు. అందుకునే భాగంలో వచ్చిన లోపాన్ని ఎక్కువగా ఆపడం, ఉన్నదాన్ని కాపాడుకోవడం మాత్రమే సాధ్యం. అందుకే అంకె ఎంత చెడ్డగా ఉందో చూసే ముందు, లోపం ఏ భాగంలో ఉందో చూడాలి. ఈ సూత్రానికి మీ నాన్నగారి ఎడమ చెవి ఒక మినహాయింపు, దాని గురించి తరువాత రాస్తాను.

ముందు చూపు అంకెలు. నెదర్లాండ్స్‌కు చెందిన స్నెల్లెన్ అనే కంటి వైద్యుడు 1862లో ప్రకటించిన చార్టు పద్ధతినే మనం ఇప్పటికీ వాడుతున్నాము. 6/36 అంటే, ఆరోగ్యవంతమైన కన్ను 36 మీటర్ల దూరం నుంచి చదవగలిగే అక్షరాన్ని ఈయన 6 మీటర్ల నుంచి మాత్రమే చదవగలుగుతున్నారని అర్థం. మీరుండే చోట అడుగుల్లో రాస్తారు కాబట్టి మన 6/6 అక్కడ 20/20 అవుతుంది, 6/9 అంటే 20/30, 6/36 అంటే 20/120. చార్టులో పెద్ద అక్షరం కూడా కనిపించని స్థితిలో సి.ఎఫ్. అని రాస్తారు, వేళ్లు లెక్కపెట్టగలుగుతున్నారని. అంతకన్నా తక్కువైతే హెచ్.ఎం., చెయ్యి ఊపితే తెలుస్తోందని. ఇంకా తక్కువైతే పి.ఎల్., వెలుతురు మాత్రం తెలుస్తోందని. ఓ.డి. అని ఉంటే కుడి కన్ను, ఓ.ఎస్. అంటే ఎడమ కన్ను, ఓ.యు. అంటే రెండూ.

పిన్‌హోల్ అన్నది చాలా చవకైన, చాలా తెలివైన పరీక్ష. సన్నని రంధ్రంలోంచి చూసినప్పుడు అక్షరాలు స్పష్టమైతే, లోపంలో కొంత భాగం అద్దాలతో సరిపోయేదని తెలుస్తుంది. మీ నాన్నగారికి 6/36 కాస్తా 6/18 అయింది, అంటే కొంత అద్దాలది, మిగిలింది ఎక్కువగా శుక్లానిది. ఎన్.ఎస్. అన్నది కటకం మధ్యభాగం గట్టిపడి పసుపు, గోధుమ రంగులకు తిరిగే శుక్లం. గ్రేడ్ పెరిగేకొద్దీ గట్టిదనం పెరుగుతుంది. పి.ఎస్.సి. అని రాసి ఉంటే అది కటకం వెనుక పొర దగ్గర వచ్చేది, ఎండలోనూ దగ్గర చదువులోనూ ఎక్కువ ఇబ్బంది పెడుతుంది, షుగరు ఉన్నవారిలోనూ స్టెరాయిడ్లు వాడినవారిలోనూ తరచుగా కనిపిస్తుంది. ఐ.ఎం.సి. అంటే ఇంకా పూర్తిగా ముదరని శుక్లం. ముదిరేదాకా ఆగాలని మన పెద్దవాళ్లు అనుకునే రోజులు పోయాయి. రోజువారీ పనికి అడ్డం వచ్చినప్పుడు తీయించుకోవడమే ఇప్పటి పద్ధతి. మీ నాన్నగారి కుడి కంటి ఆపరేషన్ కొన్ని వారాలు ఆగినా సాధారణంగా నష్టం ఉండదు.

ఎడమ కంటి సంగతి అలా కాదు. ఐ.ఓ.పి. అంటే కంటిలోపలి ఒత్తిడి, పాదరసం మిల్లీమీటర్లలో కొలుస్తారు. 10 నుంచి 21 వరకు మామూలుగా పరిగణిస్తారు. అయితే ఒత్తిడి అంకె ఒక్కటే నీటికాసులను తేల్చదు. 24 ఉన్నా నరం చెక్కుచెదరనివాళ్లు ఉన్నారు, 17 ఉన్నా నరం దెబ్బతిన్నవాళ్లు ఉన్నారు. శిబిరాల్లో గాలి ఊది కొలిచే యంత్రం వాడతారు, దాన్ని ఎన్.సి.టి. అంటారు. నిర్ణయానికి మాత్రం కంటిని పెద్దదిగా చూపే స్లిట్‌ల్యాంప్ యంత్రం దగ్గర కూర్చోబెట్టి చుక్కలు వేసి కొలిచే గోల్డ్‌మన్ అప్లనేషన్ టోనోమెట్రీ కావాలి. నల్లగుడ్డు మందంగా ఉంటే అంకె ఉన్నదానికన్నా ఎక్కువగా, పలచగా ఉంటే తక్కువగా వస్తుంది కాబట్టి ప్యాకీమెట్రీ అనే మందపు కొలత కూడా రాస్తారు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది సి.డి. నిష్పత్తి. దృష్టి నాడి కంట్లోకి వచ్చే చోట ఒక గుండ్రని పళ్లెం, దాని మధ్యలో ఒక గుంట ఉంటాయి. గుంట వెడల్పును పళ్లెం వెడల్పుతో పోల్చి రాసేదే ఆ నిష్పత్తి. నరపు పోగులు చచ్చేకొద్దీ గుంట వెడల్పవుతుంది. పుట్టుకతోనే పెద్ద గుంట ఉన్నవాళ్లు లేకపోలేదు, కానీ అలాంటివారికి సాధారణంగా రెండు కళ్లలోనూ ఇంచుమించు ఒకలాగే ఉంటుంది. రెండు కళ్ల మధ్య 0.2 కన్నా ఎక్కువ తేడా ఉంటే అనుమానించాలని మాకు నేర్పుతారు. మీ నాన్నగారి తేడా 0.3, పైగా గుంట పెద్దగా ఉన్న కంట్లోనే ఒత్తిడి కూడా ఎక్కువగా ఉంది. ఇవి రెండూ ఒకే వైపు చేరడం వల్లనే తొందర చేయమంటున్నాను.

మరి 6/9 ఎలా చదువుతున్నారని మీరు అడగవచ్చు. చార్టు పరీక్షించేది చూపు నడిమి భాగాన్ని మాత్రమే. నీటికాసులు సాధారణంగా పక్క చూపును ముందు తింటాయి, నడిమి చూపును చివరిదాకా మిగుల్చుతాయి. 2018లో తెలంగాణలోనూ 2019లో ఆంధ్రప్రదేశ్‌లోనూ మొదలైన కంటి వెలుగు వంటి ప్రభుత్వ కంటి పరీక్షా శిబిరాలకు వెళ్లి, చార్టు బాగా చదివి, "నాకు కళ్లు ఫస్టుక్లాసు" అని ఇంటికి వచ్చేసిన పెద్దవాళ్లు నాకు తెలుసు. చూపు బాగుందని తేలడమూ, కన్ను ఆరోగ్యంగా ఉందని తేలడమూ వేరు వేరు సంగతులు.

నా దగ్గరకు వచ్చిన ఒక ఇంజనీరింగ్ విద్యార్థిది ఇలాంటి ఉదంతమే. ప్రతి వేసవిలో కళ్లు దురద పెట్టేవి, అలర్జీ. ఎప్పుడో ఒకసారి రాసిన స్టెరాయిడ్ చుక్కలను చీటీ లేకుండా మందుల షాపులో కొనుక్కుంటూ నెలల తరబడి వేసుకున్నాడు. వేసిన అరగంటకు హాయిగా ఉండేదట. నా దగ్గరకు తలనొప్పి అని వచ్చాడు, చార్టు 6/6 చదివాడు, అయినా చుక్కల సీసా చూసి కంటి వైద్యురాలి దగ్గరకు పంపాను. ఒత్తిడి ముప్పై దాటి ఉంది, రెండు కళ్లలోనూ గుంట పెద్దదైపోయి ఉంది. ఒక కంటి పక్క చూపు చాలావరకు పోయింది. డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్ అన్న పేర్లు చుక్కల సీసా మీద కనిపిస్తే, రాసిచ్చిన రోజులు దాటి వేయకూడదు. మీ నాన్నగారి మందుల పెట్టెలో అలాంటి సీసా ఉందేమో తమ్ముడిని చూడమనండి.

ఇక ఎడమ కంటికి రాయబోయే పరీక్షల పేర్లు తెలుసుకోండి. గోనియోస్కోపీ అంటే కంట్లో ద్రవం బయటికి పోయే కోణం తెరుచుకుని ఉందా, ఇరుకుగా ఉందా అని అద్దం పెట్టి చూడడం. కోణం ఇరుకైనవారికి కంటిపాపను పెద్దది చేసే చుక్కలు వేస్తే ఒత్తిడి ఒక్కసారిగా పెరిగే ప్రమాదం ఉంది కాబట్టి ఈ పరీక్ష ముందే చేస్తారు. పెరిమెట్రీ లేదా విజువల్ ఫీల్డ్ అంటే పక్క చూపు పటం. మెరిసిన ప్రతి చుక్కకూ మీట నొక్కాలి. మొదటిసారి చేసినవాళ్లు తడబడతారు, అందువల్ల మొదటి పటం చెడ్డగా వచ్చినంత మాత్రాన దాన్నే ఖాయం చేసుకోకుండా మళ్లీ చేయిస్తారు. ఓ.సి.టి. అంటే నరపు పోగుల పొర మందం కొలిచే స్కాను. అందులో ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగులు యంత్రంలో ఉన్న ఇతరుల కొలతలతో పోల్చి వేసినవి. ఎరుపు కనిపించగానే వ్యాధి అని కాదు, మైనస్ పవరు బాగా ఎక్కువ ఉన్నవారికి ఊరికే ఎరుపు వస్తూ ఉంటుంది.

ఎన్.పి.డి.ఆర్. అంటే షుగరు వల్ల రెటీనా రక్తనాళాలు దెబ్బతినడం మొదలైనా, కొత్త నాళాలు ఇంకా పుట్టని దశ. పి.డి.ఆర్. అంటే అవి పుట్టిన దశ, అది ప్రమాదకరం. డి.ఎం.ఈ. లేదా సి.ఎస్.ఎం.ఈ. అన్నది నడిమి చూపు చోట నీరు చేరడం. మీ కాగితంలో అది ఉన్నట్టు రాయలేదు. కానీ కుడి కంటి శుక్లం తీయించే ముందు దీన్ని మరోసారి చూడమని అడగాలి, ఎందుకంటే షుగరు ఉన్నవారికి శస్త్రచికిత్స తరువాత ఆ వాపు పెరిగే అవకాశం ఉంది.

ఇప్పుడు చెవి. ఆడియోగ్రామ్ అనే వినికిడి పటంలో ఎర్ర సున్నాలు కుడి చెవివి, నీలి ఇంటూ గుర్తులు ఎడమ చెవివి. గీత ఎంత కిందికి దిగితే వినికిడి అంత తక్కువ. ఎస్.ఎన్.హెచ్.ఎల్. అంటే లోచెవి లేదా నాడి లోపం. వయసుతో వచ్చేది సాధారణంగా ఇదే. కీచు స్వరాల వైపు గీత జారిపోతుంది కాబట్టి స, శ, త, క వంటి హల్లులు జారిపోయి, "మాట వినపడుతోంది గాని ఏమంటున్నారో తెలియడం లేదు" అంటారు. అలాంటివారితో అరవడం కన్నా, ఎదురుగా కూర్చుని నిదానంగా మాట్లాడితే మేలు. మోడరేట్ అన్న మాటను అంకెతో కలిపి చదవండి, ఎందుకంటే కొలబద్దలు రెండున్నాయి. పాత లెక్కలో 26 నుంచి 40 డెసిబెల్స్ వరకు మైల్డ్. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నివేదికలోని లెక్కలో 20 నుంచి 35 లోపు మైల్డ్, 35 నుంచి 50 లోపు మోడరేట్. కాబట్టి 38 డెసిబెల్స్ ఒక చోట మైల్డ్, మరో చోట మోడరేట్ అవుతుంది. చెవి మాత్రం అదే చెవి.

రిన్నే నెగటివ్ దగ్గర చాలామంది మోసపోతారు. ఇక్కడ పాజిటివ్ అంటేనే మామూలు. 512 హెర్ట్జ్ శృతిదండాన్ని (ట్యూనింగ్ ఫోర్క్) చెవి ముందు పెట్టినప్పటి మోతనూ, చెవి వెనుక ఎముకకు ఆనించినప్పటి మోతనూ పోల్చమంటారు. గాలి ద్వారా ఎక్కువ వినపడితే పాజిటివ్. ఎముక ద్వారా ఎక్కువ వినపడితే నెగటివ్, అంటే శబ్దం వెళ్లే దారిలో అడ్డం ఉందని. ఆడియోగ్రామ్‌లో దీన్నే ఎయిర్ బోన్ గ్యాప్ అంటారు. టింపనోగ్రామ్ అంటే కర్ణభేరి కదలికను కొలిచే పరీక్ష. టైప్ బి వస్తే అది కూడా అదే మాట చెబుతుంది: కర్ణభేరి కదలడం లేదు, వెనుక ద్రవమో మరొకటో ఉంది, లేదా భేరికి రంధ్రం ఉంది. టైప్ ఎ మామూలు. టైప్ సి అయితే మధ్య చెవిలో గాలి పీడనం తగ్గిందని, జలుబు చేసినప్పుడు తరచుగా వస్తుంది.

సి.ఎస్.ఓ.ఎం. అంటే దీర్ఘకాలంగా చీము కారే చెవి. దానిలో రెండు రకాలున్నాయి. భేరి నడుమ రంధ్రం ఉండి, జలుబు చేసినప్పుడు పలచగా, ఎక్కువగా కారే రకాన్ని మా చదువులో సేఫ్ అనేవారు. భేరి పైభాగమైన ఆటిక్ దగ్గర లోపలికి గుంజుకుపోయి, కొద్దిగానే అయినా దుర్వాసనతో కారే రకాన్ని అన్‌సేఫ్ అనేవారు. ఆ గుంజుకుపోయిన సంచిలో చర్మపు పొట్టు పేరుకుని కొలెస్టియటోమా అవుతుంది. అది కేన్సరు కాదు, కానీ చుట్టూ ఉన్న ఎముకను తినేస్తుంది. ముఖానికి వెళ్లే నరం, లోచెవి, మెదడు పొరలు అన్నీ ఆ పక్కనే ఉన్నాయి. లోపం ఉన్నది దారిలోనే అయినా దీనికి తొందర కావాలని అన్నది ఇందుకే. చెవి వైద్యులు సూక్ష్మదర్శినితో శుభ్రం చేసి చూసి, చెవి చుట్టూ ఉన్న ఎముకకు (టెంపోరల్ బోన్) సి.టి. స్కాను తీయించి, అవసరమైతే చెవి వెనుక ఎముకకు మాస్టాయిడ్ శస్త్రచికిత్స చెబుతారు. ముఖం వంకరపోవడం, కళ్లు తిరగడం, జ్వరంతో తీవ్రమైన తలనొప్పి ఉంటే అపాయింట్‌మెంటు కోసం చూడకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఆలోగా ఆ చెవిలో నూనె, వెల్లుల్లి కాచిన నూనె, కోడి ఈక, అగ్గిపుల్ల ఏవీ వెళ్లకూడదు, స్నానానికి ముందు వాజిలిన్ రాసిన దూది పెట్టుకోవాలి. చీము కారే చెవికి వినికిడి యంత్రం అమ్మజూపేవాళ్లు ఉంటారు, తొందరపడవద్దు. కుడి చెవికి మాత్రం యంత్రం గురించి ఇప్పుడే ఆలోచించవచ్చు.

శృతిదండం ప్రస్తావన వచ్చింది కనుక ఒక పక్క మాట, ఇది మీ నాన్నగారిది కాదు. ఒక ఉపాధ్యాయురాలికి పొద్దున లేచేసరికి ఒక చెవి మూసుకుపోయినట్టయింది. జలుబు వల్లనో గుబిలి వల్లనో అనుకుని చుక్కలు వేయించుకుంటున్నారు. నేను దండాన్ని నుదుటి నడుమ ఆనించి ఎటువైపు వినపడుతోందని అడిగాను, అదే వెబర్ పరీక్ష. గుబిలి అడ్డమైతే మూసుకున్న చెవివైపే మోగాలి. ఆవిడకు బాగున్న చెవివైపు మోగింది, అంటే నాడి దెబ్బతింది. సడన్ సెన్సోరిన్యూరల్ హియరింగ్ లాస్ అనే ఆ స్థితికి మొదటి రెండు వారాల లోపే స్టెరాయిడ్ చికిత్స మొదలు కావాలి, ఎంత ముందైతే అంత మంచిది. ఆవిడకు సగం పైగా వినికిడి తిరిగి వచ్చింది. ఒక్క చెవి ఉన్నట్టుండి వినపడకపోతే చుక్కలతో రోజులు గడపకూడదు.

షుగరు ఉన్న పెద్దవారి విషయంలో మరో పేరు కూడా చెప్పాలి. మాలిగ్నెంట్ ఓటైటిస్ ఎక్స్‌టర్నా అని రాస్తే కేన్సరు అనుకుని ఇంటిల్లిపాదీ ఏడ్చిన సందర్భం చూశాను. అది కేన్సరు కాదు, చెవి గొట్టం నుంచి పుర్రె ఎముకలోకి పాకే బాక్టీరియా జబ్బు. రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వనంత చెవి పోటు దాని గుర్తు. పేరులో ఉన్న కేన్సరు అందులో లేకపోయినా, ఆసుపత్రిలో వారాల తరబడి యాంటీబయాటిక్‌లు కావలసినంత ప్రమాదకరమైనదే.

చివరగా చేయవలసిన పనులు. మీరు ఇక్కడికి రావడానికి విమానం టికెట్టు కొనే ముందు, తమ్ముడిని ఈ వారంలోనే ఎడమ కంటిని నీటికాసుల నిపుణులకు, ఎడమ చెవిని ఇ.ఎన్.టి. వారికి చూపించమనండి. గుంటూరు ప్రభుత్వ సమగ్ర ఆసుపత్రిలో రెండు విభాగాలూ ఉన్నాయి. కంటికి విజయవాడ తాడిగడపలోని ఎల్.వి. ప్రసాద్ ఆసుపత్రి కూడా దగ్గరే. కంటిపాపను పెద్దది చేసే చుక్కలు వేస్తే కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది కాబట్టి ఆయన్ను ఒంటరిగా పంపకండి, బండి నడపనివ్వకండి. పాత కళ్లజోడు చీటీలు, పాత రిపోర్టులు ఏవి దొరికితే అవి పట్టుకెళ్లాలి. ఐదేళ్ల నాటి సి.డి. అంకె ఒకటి దొరికితే వైద్యులకు ఎంతో ఉపయోగం. మీ అమ్మానాన్నల తోబుట్టువుల్లో ఎవరికైనా నీటికాసులు ఉంటే ఆ సంగతి చెప్పాలి, రోగం ఖాయమైతే మీరూ తమ్ముడూ కూడా పరీక్ష చేయించుకోవాలి. నీటికాసులకు తరచుగా రాసే టిమోలాల్ చుక్కలు ఉబ్బసం ఉన్నవారికీ, గుండె బాగా నెమ్మదిగా కొట్టుకునేవారికీ పడవు. నాన్నగారికి ఆ రెండింటిలో ఏది ఉన్నా, చీటీ రాసే ముందే వైద్యులతో చెప్పమనండి.